వన్‌టౌన్‌లో తాతగారి కొట్టు: ముందు భాగం ఉంచి బాగుచేయించడం కుదురుతుందా?

మెయిన్‌బజార్ మనవడు, విజయవాడ

అందరికీ నమస్కారం. వన్‌టౌన్‌లో మెయిన్ బజారు పక్క సందులో మా తాతగారు కట్టించిన కొట్టు ఉంది. కింద కొట్టు, పైన రెండు గదులు, వెనక పెంకుల వసారా. ఒకప్పుడు ఇత్తడి సామాన్లు అమ్మేవాళ్ళం. ఇప్పుడు అద్దెకిచ్చాం, అందులో ప్లాస్టిక్ బకెట్లు, స్టీలు గిన్నెలు అమ్ముతున్నారు. వానొస్తే పై గది కారుతోంది, వెనక గోడ చెమ్మ పట్టింది. నాన్న, ఇద్దరు బాబాయిలు కూర్చుని ఇక బాగుచేయించాల్సిందే అనుకున్నారు. ఇంతవరకు గొడవ లేదు.

గొడవ కాంట్రాక్టర్ వచ్చాక మొదలైంది. ఆయన లోపలికి కూడా సరిగ్గా రాలేదు. ఇది పడిపోయేట్టు ఉంది, మొత్తం పడగొట్టి పిల్లర్లు లేపుదాం, ముందంతా అద్దం, పైన ఏసీపీ షీటు (గోడకి తొడిగే అల్యూమినియం రేకు), ఎల్‌ఈడీ బోర్డు అన్నాడు. పడగొట్టే కూలి కూడా వద్దట, పాత కలప తనకు వదిలేస్తే చాలట. చిన్నబాబాయి ఆ మాటకి పడిపోయాడు.

నా బాధ ముందు భాగం గురించి. నాపరాళ్ళ అరుగు, రెండు పోత ఇనుప స్తంభాలు, షట్టరు బదులు గాడిలో ఒక్కొక్కటే దించే టేకు పలకలు. వాటి మీద ఉలితో గీసిన గుర్తులేవో ఉన్నాయి, ఇప్పుడు కష్టంగా దిగుతున్నాయి. తలుపు పైన అర్ధచంద్రాకారంలో రంగుటద్దాల వెంటిలేటర్ ఉంది. ఫ్లెక్సీ వెనక దాక్కుంది కాబట్టి వీధిలో చాలామందికి ఆ సంగతే తెలియదు. పిట్టగోడ మీద సున్నంతో చేసిన నెమళ్ళు రెండు, మధ్యలో కొట్టు పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో. పెయింటు మీద పెయింటు కొట్టి కొట్టి ఆ అక్షరాలు ఇప్పుడు చేత్తో తడిమితేనే తెలుస్తాయి.

వెనక భాగం కొత్తగా కట్టుకుని ముందు భాగం అలాగే ఉంచడం కుదిరే పనేనా? చేసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. "ఎంత బాగుందో" లాంటి మాటలు మా ఇంట్లో పనిచేయవు. బాబాయిల ముందు పెట్టడానికి లెక్కలు, పద్ధతులు కావాలి.

దుబాయ్ బెజవాడోడు

అబ్బ, ఏం గుర్తుచేశావు తమ్ముడూ! చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని కాళేశ్వరరావు మార్కెట్ నుంచి మెయిన్ బజారు దాకా నడిచేవాళ్ళం. ఆ ఇత్తడి కొట్ల ముందు బిందెలు దొంతర్లు పేర్చి ఉండేవి. ఒక్క ఇటుక కూడా కదిలించొద్దు. ఆ వీధి అలాగే ఉండాలి.

లెక్కల మాస్టారు, విజయవాడ

ఏసీ గదిలో కూర్చుని ఒక్క ఇటుక కదిలించొద్దనడం తేలికే బాబూ. ఆ ఇటుకల కింద కూర్చుని వ్యాపారం చేసేవాడిని అడగండి.

వన్‌టౌన్ హోల్‌సేల్ వ్యాపారం చాలావరకు గొల్లపూడి కాంప్లెక్స్‌కి పోయింది. ఎందుకు పోయింది? పెద్ద లారీ ఆ సందుల్లోకి రాదు. సరుకు దింపాలంటే ఎక్కడో ఆపి, హమాలీలు తోపుడుబండి మీద లాక్కురావాలి. మిగిలిన కొట్లు ఎక్కువగా రిటైల్ మీద బతుకుతున్నాయి. రిటైల్ అంటే కంటికి కనపడాలి. అద్దం వెనక బొమ్మకి చీర కట్టి లైటు వేస్తే రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగుతారు. చెక్క పలకల వెనక చీకట్లో ఏముందో ఎవరు చూస్తారు? మనవడు గారికి ప్రేమ ఉంది, సంతోషం. కానీ ఆస్తి ముగ్గురిది. ముగ్గురి పిల్లల చదువులూ పెళ్ళిళ్ళూ ఆ అద్దెలోంచే రావాలేమో. ఆ లెక్క ముందు వేసుకోమనండి.

గానుగ సున్నం, గుంటూరు

మాస్టారి ప్రశ్న న్యాయమైనదే, దానికి తర్వాత వస్తాను. ముందు ఆ ఉచిత కూల్చివేత సంగతి.

ఎవరూ ఉచితంగా పడగొట్టరు. మీ తాతగారి కాలం ఇళ్ళలో దూలాలు, గుమ్మాలు, పలకలు మంచి టేకువి ఉంటాయి. మన తీరప్రాంతానికి రంగూన్‌తో ఎంత రాకపోకలుండేవో తెలిసిందే కదా, బర్మా టేకు అలా వచ్చి చేరింది. అంత ముదురు కలప ఇప్పుడు కొత్తగా కొనాలంటే దొరకదు. పాత కలప అడితీల్లో దానికి మంచి గిరాకీ. పోత ఇనుప స్తంభాలు కొనేవాళ్ళు వేరే, రంగుటద్దాలు రిసార్టులకు కొనేవాళ్ళు వేరే. కాబట్టి మీ కాంట్రాక్టర్ మీకు సలహా ఇవ్వలేదు, బేరం పెట్టాడు. ఏం చేయాలనుకున్నా సరే, ముందు కలప వ్యాపారి ఒకరిని విడిగా పిలిచి ఆ సామాను విలువ కట్టించండి. ఆ అంకె బాబాయిల ముందు పెడితే సగం వాదన అక్కడే అయిపోతుంది.

రెండోది, కట్టడం పరిస్థితి. పడిపోయేట్టు ఉందని కాంట్రాక్టర్ కంటిచూపుతో అన్న మాట పట్టుకోవద్దు. పగుళ్ళుంటే వాటికి అడ్డంగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చిన్న పట్టీ వేసి దాని మీద తేదీ రాయండి. కొన్ని నెలల్లో ఆ పట్టీ చిట్లితే పగులు ఇంకా కదులుతోందని అర్థం. చెక్కుచెదరకపోతే అది ఎప్పటిదో పాత పగులు. ముందు గోడకు గుండు దారం వేలాడదీసి ఎంత వాలిందో కొలవండి. దూలాల్లో చూడాల్సింది నడిమి భాగం కాదు, గోడలోకి దూరిన కొసలు. చెమ్మ, చెద పట్టేది అక్కడే. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తే తెలిసిపోతుంది. కొస ఒక్కటే పుచ్చితే ఆ ముక్క కోసేసి, అటూ ఇటూ ఇనుప ప్లేట్లు బిగించి బోల్టులు వేస్తారు. దూలం మొత్తం మార్చక్కర్లేదు.

పై కప్పు ఎలాంటిది? దూలాల మీద సన్న ఇటుకలు ఐమూలగా నిలబెట్టి ఉన్నాయా?

మెయిన్‌బజార్ మనవడు

అవునండీ, కింద నుంచి చూస్తే ఇటుకలు ఐమూలగా కనపడతాయి. నాన్నగారి హయాంలో పైన సిమెంటు చేయించారు. తర్వాత ఒకసారి, మొన్నామధ్య మళ్ళీ ఒకసారి.

గానుగ సున్నం

అయితే అది మద్రాసు టెర్రేస్. మీ లీకేజీకి కారణం బహుశా ఆ సిమెంటే.

ఆ కప్పు ఎలా వేసేవాళ్ళంటే, దూలాల మీద ఇటుకలు సున్నంతో నిలబెట్టి, పైన ఇటుక జల్లి, సున్నం కలిపి పరిచేవాళ్ళు. ఆడకూలీలు వరుసగా కూర్చుని, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు చల్లుకుంటూ చెక్క బ్యాట్లతో రోజుల తరబడి దాన్ని కొట్టేవాళ్ళు. పాటలు కూడా పాడేవాళ్ళని మా మేస్త్రి చెబుతాడు. ఆ పైన పలచటి బిళ్ళలు పరిచేవాళ్ళు. ఎండకు సాగి చలికి ముడుచుకునే కప్పు అది. దాని మీద గట్టి సిమెంటు వేస్తే ఇది కదలదు, అది కదులుతుంది, మధ్యలో సన్నటి చీలిక వస్తుంది. నీళ్ళు దాంట్లోకి పోయి బయటికి రాలేక దూలం కొసల దగ్గర నిలబడతాయి. కారుతోందని మళ్ళీ ఇంకో పొర వేస్తారు, బరువు పెరుగుతుంది, దూలం ఒంగుతుంది. చివరికి "పాత ఇల్లు కదండీ, అంతే" అంటారు.

వెనక గోడ చెమ్మ కూడా అదే కథ అయి ఉండొచ్చు. సున్నపు గోడకి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారా?

మెయిన్‌బజార్ మనవడు

నడుం ఎత్తు వరకు చేయించారు. ఇప్పుడు చెమ్మ దాని పైకి ఎక్కింది.

బ్రాడీపేట నాలుగో లైను, గుంటూరు

మా ఇంట్లోనూ అచ్చంగా ఇదే జరిగింది! చెమ్మ వస్తోందని మూడడుగులు సిమెంటు చేయిస్తే మరుసటి ఏడాదికి నాలుగడుగుల దగ్గర తెల్లగా ఉప్పు పొంగి పెచ్చులూడాయి. ఇంకో అడుగు చేయించమన్నాడు మేస్త్రి. ఇలా పోతే సీలింగు దాకా చేయించాలేమోనని భయమేసింది.

గానుగ సున్నం

నేల చెమ్మ గోడలోకి ఎక్కడం ఆగదు. సున్నపు పూత అయితే అది ఎప్పటికప్పుడు ఆరిపోతుంది. సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది కాబట్టి ఇంకా పైకి పాకి, సిమెంటు అయిపోయిన చోట బయటపడుతుంది. మందు ఒకటే. ఆ సిమెంటు జాగ్రత్తగా చెక్కించేసి, గోడని ఒక వేసవి ఆరనిచ్చి, సున్నంతో పూయించడం.

సున్నం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, పిడుగురాళ్ళ బట్టీలు మన పక్కనే ఉన్నాయి. కాకపోతే సంచిలో పొడి తెచ్చి ఆ రోజే కలిపేస్తే లాభం లేదు. రాయి సున్నం తెచ్చి, గుంటలో నీళ్ళు పోసి చల్లార్చి, నీళ్ళ కిందే కొన్ని వారాలు నానబెట్టాలి. తర్వాత ఇసుక, ఇటుక పొడి కలిపి నూరాలి. ఒక్కో పూత అరంగుళం దాటకూడదు, మీద తడి గోనెపట్టా కప్పి ఉంచాలి. "గట్టిదనానికి కొంచెం సిమెంటు కలుపుదాం సార్" అని మేస్త్రి కచ్చితంగా అంటాడు. ఒప్పుకోవద్దు.

టౌన్ ప్లానింగ్ రిటైర్డ్, విజయవాడ

నేను ఉద్యోగం చేసింది ఈ విభాగంలోనే కాబట్టి ఒక మాట. మాస్టారు లెక్క అడిగారు. అసలు లెక్క ఇక్కడుంది.

పాత కట్టడానికి మరమ్మతులు, పూతలు, పెంకులు మార్చడం, రంగులు వేయడం లాంటివి చేస్తున్నంతవరకు మీ స్థలం మీకు ఉన్నట్టే ఉంటుంది. మొత్తం పడగొట్టి కొత్త ప్లాను పెడితే ఆ క్షణం నుంచి మీకు వర్తించేది 2017 భవన నిర్మాణ నిబంధనలు. కొట్టు ముందు వదలాల్సిన ఖాళీ స్థలం వదలాలి. మాస్టర్ ప్లానులో మీ సందు వెడల్పు ఇప్పుడున్నదానికన్నా ఎక్కువ చూపిస్తే ఆ మేరకు స్థలం రోడ్డుకి ఇవ్వాలి. దానికి బదులు టీడీఆర్ బాండు, అంటే వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు పత్రం ఇస్తారు. బాండు అమ్ముకోవచ్చు, కానీ వీధి మీద ఉన్న కొట్టు ముందు భాగం తిరిగిరాదు. వన్‌టౌన్‌లో కొట్ల లోతు ఎంత, వెడల్పు ఎంత? ముగ్గురన్నదమ్ములు పంచుకుంటే ఒక్కొక్కరికి రెండు చేతులు చాపినంత వస్తుంది. అందులోంచి ముందు కొంత పోతే మిగిలేది మెట్లకే సరిపోతుంది.

కాబట్టి కాంట్రాక్టర్ గీసిన బొమ్మ చూసి మురిసిపోకుండా, లైసెన్సు ఉన్న సర్వేయర్‌తో కొలిపించి, మాస్టర్ ప్లానులో రోడ్డు వెడల్పు ఎంతో తెలుసుకుని, పడగొడితే చివరికి ఎన్ని చదరపు గజాలు మిగులుతాయో రాయించుకోండి. నా హయాంలో చాలామంది ఈ పని పడగొట్టాక చేశారు.

అయితే వెనక భాగం పిల్లర్లతో కొత్తగా కట్టాలంటే మరమ్మతు కాదు, అనుమతి తీసుకోవాల్సిందే. పని మొదలుపెట్టాక ఎవరైనా ఫిర్యాదు చేస్తే మధ్యలో ఆగిపోతుంది.

లెక్కల మాస్టారు

ఇది మాట. ఇలా చెబితే వింటాను. నెమళ్ళ గురించి చెబితే వినను.

కృష్ణలంక అమ్మాయి

మాస్టారూ, నెమళ్ళు ఏం పాపం చేశాయి?

అద్దె కొట్టు, వన్‌టౌన్

అందరూ ఓనర్ల గురించి మాట్లాడుతున్నారు, నేను అద్దెదారుణ్ణి. మనవడు గారి కొట్టు కాదు, ఇంకో వీధిలో ఇలాంటిదే.

పాత కొట్టు బాగుందని మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మే నెలలో పక్క కాంప్లెక్సులో ఏసీ లేకపోతే నిలబడలేరు, మా దాంట్లో ఫ్యానుతో గడిచిపోతుంది. మందమైన గోడలు, ఎత్తు కప్పు. కానీ మా కష్టం వేరే. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది గీకకుండా దాని మీదే వేస్తారు. మా తాతల నాడు అరుగెక్కి కొట్లోకి వచ్చేవాళ్ళట, ఇప్పుడు రోడ్డు మీద నుంచి కొట్లోకి దిగుతున్నాం. గట్టి వాన పడితే కాలవ నీళ్ళు నేరుగా లోపలికే. సరుకంతా బల్లల మీదకు ఎక్కిస్తాం. గోడలు చెమ్మ పట్టడానికి సగం కారణం అది. సున్నం ఎంత బాగా పూసినా వీధి ఎత్తు తగ్గకపోతే ఏం లాభం?

ఇంకోటి. బాగుచేయిస్తామని ఖాళీ చేయిస్తారు, తర్వాత మళ్ళీ రానిస్తారని నమ్మకమేంటి? ముందు రాతపూర్వకంగా ఏమీ ఉండదు. అందుకే ఏ అద్దెదారూ మరమ్మతులకు ఒప్పుకోడు, కారుతున్నా సర్దుకుంటాడు. ఓనరేమో పాత అద్దె వస్తోంది, నేనెందుకు ఖర్చుపెట్టాలి అంటాడు. కట్టడం ఇద్దరి మధ్యా నలిగిపోతుంది.

మెయిన్‌బజార్ మనవడు

అన్నా, ఇది నాకు తట్టని సంగతి. మా కొట్లో ఉన్నాయన కూడా పని అనగానే మొహం మాడ్చుకున్నాడు. ఎందుకో ఇప్పుడు అర్థమవుతోంది.

టౌన్ ప్లానింగ్ రిటైర్డ్

ఇద్దరూ కలిసి ఒక ఒప్పందం రాసుకోండి. ఎన్ని నెలలు మూస్తారు, అప్పటివరకు అద్దె ఉందా లేదా, తిరిగి వచ్చాక అద్దె ఎంత, బోర్డు ఎక్కడ పెట్టాలి. వీలైతే పని రెండు విడతలుగా చేయండి. వెనక భాగం కట్టేటప్పుడు ముందు కొట్టు నడుస్తుంది, ముందు భాగం పనికి వచ్చేసరికి సరుకు వెనక్కి మారుతుంది. నిదానమవుతుంది, కానీ ఎవరి కడుపూ మాడదు.

రోడ్డు ఎత్తు సంగతి మీ వీధి మొత్తం కలిసి అడగాల్సిందే. కొత్త పొర వేసేముందు పాతది గీకించే యంత్రాలున్నాయి. ఒక్క కొట్టువాడు అడిగితే వినరు. ఈలోపు గుమ్మం దగ్గర గట్టు కట్టుకుని, లోపల గోడ వెంబడి సన్న కాలవ తీసి సంప్‌కి కలపండి.

వడ్రంగి ఇంటివాడు, మంగళగిరి

మనవడు గారూ, మా నాన్న, తాత ఇలాంటి పలకలు చేసినవాళ్ళే. వాటి గురించి చెబుతాను.

పలకల మీద ఉలితో గీసిన గుర్తులన్నారు కదా, అవి వరుస నంబర్లు. ఒక గీత, రెండు గీతలు, అడ్డగీత, అలా. ఏ పలక ఏ చోట దిగాలో దానికే పడుతుంది, పక్కదాంట్లో పెడితే బిగుసుకుంటుంది. ఆఖరి పలకకే తాళం అడ్డపట్టీ ఉంటుంది. అవి ఇప్పుడు కష్టంగా దిగుతున్నాయంటే కలప ఉబ్బడం ఒక్కటే కారణం కాదు, కింద గాడిలో మట్టి పేరుకుని ఉంటుంది, లేదా గడప ఒక పక్క కుంగి ఉంటుంది. చాలామంది పలకల అంచులు చిత్రిక పట్టించేస్తారు. వానాకాలం పోయాక సందులు పడతాయి, అప్పుడు పనికిరావని పారేస్తారు. చిత్రిక పట్టొద్దు. గాడి శుభ్రం చేయించి, గడప మట్టం చూడండి.

భద్రత కోసం షట్టరు కావాలని బాబాయిలు అంటే తప్పేమీ లేదు, ఈ రోజుల్లో ఇన్సూరెన్సువాళ్ళు కూడా అడుగుతారు. కాకపోతే షట్టరు పెట్టె బయట కాకుండా గుమ్మం లోపలి వైపు పెట్టించండి. బయట పెడితే ఆ వెంటిలేటర్ దాని వెనక పోతుంది. లోపల పెడితే పగలు పలకలు తీసి పక్కన పేర్చుకోవచ్చు, రాత్రి షట్టరు వేసి దాని ముందు పలకలు దించొచ్చు. రెండు తలుపులన్నమాట.

లెక్కల మాస్టారు

మరి అద్దం? కస్టమర్‌కి సరుకు కనపడేదెలా?

వడ్రంగి ఇంటివాడు

పలకలు తీసేశాక మీ ముందంతా ఖాళీయే కదా మాస్టారూ. ఏ గోడా అడ్డం లేదు. ఆ ఖాళీలో స్తంభాలకు లోపలగా, వాటిని తాకకుండా అద్దం పెట్టుకోవచ్చు. టేకు చట్రంలో పెడితే ఇంకా బాగుంటుంది. లోపల లైటు వేయండి, ఏసీ పెట్టుకోండి. ఏసీ బయట డబ్బా మాత్రం నెమళ్ళ మధ్య బిగించొద్దు, వెనక్కి పంపండి.

బ్రాడీపేట నాలుగో లైను

ఏసీపీ షీటు గురించి ఎవరూ చెప్పలేదు. మా గుంటూరు అరండల్‌పేటలో చూస్తూనే ఉన్నాం, అన్ని కొట్లూ ఒకే వెండి రంగు రేకు తొడుక్కున్నాయి. ఆ రేకు బిగించడానికి పాత గోడలోకి వందల స్క్రూలు దించుతారు. రేకు వెనక వాన నీళ్ళు దిగుతాయి, పావురాలు చేరతాయి, రావి మొక్క మొలిచినా తెలియదు. పైగా చవక రకం షీట్ల మధ్యలో ఉండేది పాలిథిన్. కరెంటు వైర్లు దాని వెనకే వేలాడుతుంటాయి, నిప్పంటుకుంటే ఆ రేకే మంటని పైకి మోసుకెళ్తుంది. నాకు దాని రంగు కన్నా ఆ టెన్షనే ఎక్కువ.

ఇంకో తమాషా. మా ఊళ్ళో శంకర్ విలాస్ అనేది ఒక హోటల్ పేరు. ఆ పేరే వంతెనకు పట్టింది, సెంటరుకూ పట్టింది. ఊరు తన గుర్తులు కొట్ల మీదే పెట్టుకుంటుంది. అధికారులు మాత్రం గోపురం, గంటస్తంభం ఉంటేనే చరిత్ర అంటారు.

కృష్ణలంక అమ్మాయి

అదే నేనూ అడగాలనుకున్నది. బందరు రోడ్డులో 1887 నాటి విక్టోరియా జూబిలీ కట్టడాన్ని చక్కగా బాగుచేసి బాపు మ్యూజియం చేశారు. కొట్లకు అలాంటి రక్షణ ఏదీ లేదా? ప్రభుత్వం పట్టించుకోదా?

గానుగ సున్నం

మన రాష్ట్రంలో ఉన్న 1960 నాటి పురావస్తు చట్టం గానీ, కేంద్ర చట్టం గానీ ప్రకటించిన స్మారకాలకే వర్తిస్తాయి. వ్యాపారం నడుస్తున్న ఒక ప్రైవేటు కొట్టు ఆ జాబితాలోకి రావడం కలలో మాట. వస్తే కూడా యజమానులు హడలిపోతారు, మేకు కొట్టాలన్నా అనుమతి కావాలని.

నగరాల స్థాయిలో వేరే దారి ఉంది. ముంబైలో 1995లో వారసత్వ కట్టడాల నిబంధనలు తెచ్చారు, ప్రైవేటు భవనాలను కూడా తరగతులుగా విభజించారు, ఎంత మార్చొచ్చో ఒక్కో తరగతికి ఒక్కో హద్దు. హైదరాబాద్‌లోనూ అదే ఏడాది నిబంధన వచ్చింది, 2015లో తీసేశారు. నాకు నచ్చినది మాత్రం పుదుచ్చేరి పద్ధతి. అక్కడ తమిళుల పేటలో వైశ్యాల్ వీధి అని ఒకటుంది. స్మారకం ఒక్కటీ లేదు, అన్నీ మామూలు ఇళ్ళే. పాత కట్టడాలను కాపాడే ఇంటాక్ సంస్థ వాళ్ళు వీధి మొత్తాన్ని ఒక యూనిట్‌గా తీసుకుని ముఖభాగాలు బాగుచేయించారు. ఖర్చులో కొంత ప్రాజెక్టుది, కొంత యజమానిది. వెనక వాళ్ళ ఇష్టం. దానికి 2008లో యునెస్కో అవార్డు వచ్చింది. ఒక్క ఇల్లు కాకుండా వీధి అంతా కలిసి చేస్తే మేస్త్రీలకు నిలకడగా పని దొరుకుతుంది, పని నేర్చుకునే కుర్రాళ్ళు తయారవుతారు.

దుబాయ్ బెజవాడోడు

అయితే మనమూ ముఖభాగం ఉంచి వెనక ఐదంతస్తులు లేపేయొచ్చుగా?

గానుగ సున్నం

లేపొచ్చు. చాలా ఊళ్ళలో చేస్తున్నారు కూడా. నెమళ్ళున్న పిట్టగోడ వెనక నుంచి అద్దాల గోడ పైకి పోతుంటే అది కొట్టుకు తగిలించిన మాస్కులా ఉంటుంది, అంతే. నేనైతే ముందు గది, దాని కప్పు, పైగది కలిపి ఉంచుతాను. కొత్తది వెనక వసారా స్థలంలోనే, వీధిలో నిలబడితే కనపడనంత ఎత్తులో.

పని వరుస కూడా చెబుతాను, మీ ఇంజనీరుకు చూపించండి. మన విజయవాడకు భూకంపాల ముప్పు ఓ మోస్తరుగా ఉంది. ముందు గోడని ఒంటరిగా నిలబెట్టి వెనకంతా ఖాళీ చేయడం ప్రమాదం. మొదట ముందు గోడకు వీధి వైపు, లోపలి వైపు రెండు పక్కలా ఊతాలు పెట్టాలి. సరుగుడు బాదులతో సరిపెట్టొద్దు, ఇనుప చానెళ్ళు కావాలి. వెనక పిల్లర్లకు గుంతలు తవ్వేటప్పుడు పక్క కొట్టువాళ్ళ ఉమ్మడి గోడ వెంబడి ఒకేసారి పొడుగ్గా తవ్వకూడదు. నాలుగేసి అడుగుల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వి, అది పూడ్చాకే పక్కది. పాత గోడలకు పునాది లోతు తక్కువ, కింద మట్టి జారితే పక్కవాళ్ళ కొట్టు మీ గుంతలోకి వస్తుంది. జేసీబీ అసలు వద్దు. కొత్త పిల్లర్ల చట్రం లేచాక కప్పు మట్టంలో స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలతో పాత గోడను దానికి కట్టాలి. ఆ తర్వాతే ఊతాలు తీయాలి.

పెయింటు సంగతి. అక్షరాల మీద ఎనామిల్ తీయడానికి ఇసుక బ్లాస్టింగ్, గ్రైండర్ తెస్తామంటారు. అక్షరాలు కూడా పోతాయి. పెయింటు తీసే జెల్లు రాసి, చెక్క గరిటెతో ఓపిగ్గా గీకాలి. మొదట ఒక అక్షరం మీదే చేసి చూడండి.

కృష్ణలంక అమ్మాయి

జెల్లు రాసేటప్పుడు నన్ను పిలవండి, ఫోటోలు నేను తీస్తా. పని మొదలుపెట్టేముందు కూడా ప్రతి మూలా తీసి పెట్టుకోండి, పక్కన టేపు పెట్టి.

మెయిన్‌బజార్ మనవడు

చాలా రోజులకు రాస్తున్నాను, ఇక్కడి మాటలన్నీ ప్రింటు తీసి ఇంట్లో చూపించాను.

కలప వ్యాపారి వచ్చి చూశాడు. అంకె ఇక్కడ రాయను కానీ చిన్నబాబాయి ఆ కాంట్రాక్టర్‌కి ఆ సాయంత్రమే ఫోను చేసి వద్దన్నాడు. సర్వేయర్ కొలతల్లో రోడ్డుకి పోయేది మేం అనుకున్నదానికన్నా ఎక్కువే తేలింది. పెద్దబాబాయి మాత్రం వెనక మూడంతస్తులు కావాలంటున్నారు, ఇంజనీరు రెండు చాలంటున్నాడు. అది ఇంకా నడుస్తోంది. ముందు గది, పైగది ఉంచడానికి ముగ్గురూ సంతకం పెట్టారు. అద్దెకున్నాయనతో కాగితం రాసుకున్నాం, ఆయన ఫ్లెక్సీ విప్పడానికి ఒప్పుకున్నాడు. బోర్డు అరుగు పైన స్తంభాల మధ్య వేలాడదీసుకుంటాడు. వెంటిలేటర్‌లో రెండు అద్దాలు పగిలి ఉన్నాయి, ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు.

ముందు పలకలతో మొదలుపెడదామనుకుంటున్నాం. వడ్రంగి ఇంటివాడు గారూ, మీ నాన్నగారు ఒకసారి వచ్చి చూడగలరా?

లెక్కల మాస్టారు

పెద్దబాబాయి గారిని పార్కింగ్ ఎక్కడ పెడతారో అడగండి. మూడో అంతస్తు దానంతటదే దిగుతుంది.

వడ్రంగి ఇంటివాడు

నాన్న వస్తానన్నారు. ఆదివారం కొట్టు కట్టేసి ఉంటుంది కాబట్టి ఆ రోజే నయం. ఫోను నంబరు ఇక్కడ పెట్టొద్దు, విడిగా మెసేజ్ పెట్టండి. ఈలోపు ఎవరైనా పలకలు బయటికి తీస్తే మొదటి పలక నుంచి వరుసగా గోడకి నిలబెట్టమనండి, నేల మీద పడుకోబెడితే ఒంగిపోతాయి. పాత ఆకుపచ్చ అద్దం గుంటూరు లాలాపేటలో పాత సామాన్ల వాళ్ళ దగ్గర అడిగి చూస్తాను. ఎరుపు దొరకడమే కష్టం.